గాడిదలలో నట్టలు: ఎరిగి వేయవలసిన మందు

(మాలూరు తాలూకా లక్కూరులో పశుపోషకుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి విషయం గాడిద కడుపులోని నట్టలు. ఈ మాట వినగానే కొందరి ముఖాన చిరునవ్వు మెరిసింది. అందులో వింత లేదు. మన భాషలో గాడిద పేరు తిట్టుగానే ఎక్కువ వినిపిస్తుంది. అయినా అదే భాష ఆ జంతువుకు ఒకటి రెండు చోట్ల న్యాయం చేసింది. ప్రతిఫలం దక్కని కష్టాన్ని మనం గాడిద చాకిరి అంటాం. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడని కూడా అంటాం. ఆ చాకిరి మీద బ్రతికే కుటుంబాలు ఈ సభలో ఉన్నాయి. గాడిదను పెంచకపోయినా దాని పాలు కొని పసిపిల్లలకు పట్టే ఇళ్లవారూ ఉన్నారు. ఇద్దరికీ ఈ విషయంతో సంబంధం ఉన్నది.

కోలారు జిల్లాలో తెలుగు పరాయి భాష కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట మొదలుకొని బంగారు గనుల పట్టణం వరకు తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. వారికి తోడు అనంతపురం, చిత్తూరు వైపుల నుండి బ్రతుకుతెరువు కోసం తరలివచ్చి, పెంకులకు, ఇటుకలకు పేరుపొందిన మాలూరు ప్రాంతంలోను, బెంగళూరు అంచున సాగే కట్టడపు పనులలోను కుదురుకున్నవారు ఉన్నారు. బట్టల మూటలు మోయడానికి, మట్టి, ఇసుక, ఇటుక చేరవేయడానికి, వీధివీధి తిరిగి పాలు అమ్మడానికి మనవారిలో కొందరు నేటికీ గాడిదనే నమ్ముకొని ఉన్నారు.

అయితే ఆ గాడిదలే తరిగిపోతున్నాయి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద సుమారు 3 లక్షల 20 వేల గాడిదలు ఉన్నట్లు తేలింది. 2019 పశుగణన నాటికి ఆ సంఖ్య సుమారు 1 లక్షా 20 వేలకు పడిపోయింది. ఏడేళ్లలో నూటికి అరవైకి పైగా తగ్గిపోయాయన్నమాట. ఆటోలు, చిన్న లారీలు రావడం ఇందుకు ఒక కారణం. ఆవుకు జబ్బు చేస్తే పాల సంఘం వైపు నుండి ఏదో ఒక సహాయం అందుతుంది. గాడిదకు అటువంటి దారి లేదు. అది పడిపోతే యజమాని కూలి ఆ రోజే ఆగిపోతుంది. మరొకటి కొందామంటే సంతలో మంచి గాడిద దొరకడమే కష్టమైపోయింది. కాబట్టి ఉన్నదానిని కాపాడుకొనడం నేడు వెనుకటి కంటే అవసరం.

నట్టల విషయంలో నేను చెప్పదలచినది క్లుప్తంగా ఇది. మందు వేయడానికి ముందు లద్దె పరీక్ష చేయించాలి. పశువు బరువు చూసి మందు కొలవాలి. వేసిన తరువాత అది తిరిగే నేలను శుభ్రంగా ఉంచాలి. ఈ మూడూ పాటించకుండా అంగడిలో దొరికిన మందును ఆరు నెలలకొకసారి పోస్తూపోతే డబ్బు ఖర్చవుతుంది, నట్టలు మిగులుతాయి, కొంతకాలానికి ఆ మందు పనిచేయడమే మానివేస్తుంది. ఎందుకలా జరుగుతుందో ఒక్కొక్కటిగా వివరిస్తాను.

మొదట గాడిద స్వభావం తెలియాలి. గుర్రానికి కడుపునొప్పి వస్తే నేలమీద పొర్లుతుంది, కాళ్లతో తన్నుకుంటుంది, చెమటలు కారుస్తుంది. గాడిద అలా చేయడం అరుదు. తల దించుకొని ఒక మూల నిలబడుతుంది. మేత దగ్గర నిలిచి నములుతున్నట్లు కనిపించినా తినదు. తోటి గాడిదలకు ఎడంగా ఉంటుంది. చెవులు వాలుస్తుంది. చూసేవారు బద్ధకమని అనుకొని బరువు ఎత్తుతారు. బాధను పైకి చూపకపోవడం ఆ జాతికి పుట్టుకతో వచ్చిన గుణం. అందుచేత గాడిదలో చిన్న మార్పును కూడా పెద్దదిగా ఎంచాలి.

నట్టలు ముదిరినప్పుడు కనిపించే గుర్తులు ఇవి: తిండి తింటున్నా ఒళ్లు చేయకపోవడం, బొచ్చు మెరుపు తగ్గి గరుకుగా లేచి నిలవడం, కనురెప్పల లోపలి పొర, చిగుళ్లు పాలిపోవడం, లద్దె పలుచబడడం, పొట్ట కింద నీరు దిగడం, తొందరగా అలసిపోవడం. తోకను గోడకు రుద్దుకొని తోక మొదట్లో వెంట్రుకలు ఊడిపోయి ఉంటే అది సన్నని నులిపురుగు పని కావచ్చు. పిల్లలైతే పొట్ట ఉబ్బి, ఎదుగుదల ఆగి, అప్పుడప్పుడు దగ్గుతుంటాయి. అయితే కడుపు నిండా నట్టలు ఉన్నా ఈ గుర్తులలో ఒక్కటీ కనిపించని గాడిదలు ఎన్నో ఉంటాయి. చూపుతో మాత్రమే నిర్ణయించకూడదని చెప్పడానికి ఇదే కారణం.

గాడిద కడుపులో చేరే నట్టలన్నీ ఒక రకానివి కావు. అన్నిటిలోకి ముఖ్యమైనవి స్ట్రాంగైల్ జాతి పురుగులు. వీటిలో పెద్దవి, చిన్నవి అని రెండు తెగలు. పెద్ద స్ట్రాంగైల్ పురుగులలో ఒకదాని పిల్లలు పేగు గోడను తొలుచుకొని, పేగులకు రక్తం తెచ్చే ప్రధాన ధమనిలోకి చేరుతాయి. అక్కడ రక్తం గడ్డకట్టి పేగుకు రక్తప్రసారం ఆగిపోతే ప్రాణాంతకమైన శూల పుడుతుంది. చిన్న స్ట్రాంగైల్ పురుగుల పిల్లలు పెద్దపేగు గోడలో గూడు కట్టుకొని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాదికి మించి, నిద్రావస్థలో ఉండిపోతాయి. అవన్నీ ఒక్కసారిగా మేల్కొని బయటికి వస్తే తీవ్రమైన విరేచనాలు పట్టి పశువు చిక్కి శల్యమవుతుంది. గోడలో దాగిన దశలో అవి గుడ్లు పెట్టవు కనుక అప్పటి లద్దె పరీక్షలో కనిపించవు. వైద్యుడు పరీక్ష ఫలితంతోపాటు పశువును కూడా చూడాలని కోరడం ఇందుకే.

రెండవ రకం ఏలికపాములు. ఇవి రెండేళ్ల లోపు పిల్లలను ఎక్కువగా పట్టుకుంటాయి. జానెడుకు మించి పెరిగే తెల్లని లావు పురుగులివి. మింగిన గుడ్లలో నుండి వచ్చిన పిల్లపురుగులు కాలేయం, ఊపిరితిత్తుల మీదుగా తిరిగి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మళ్లీ మింగబడి చిన్నపేగులో పెద్దవవుతాయి. వీటి గుడ్లు జిగటగా ఉండి నేలకు, గోడకు, తొట్టికి అంటుకొని సంవత్సరాల పాటు బ్రతికి ఉంటాయి. మూడవ రకం బద్దెపురుగులు. వీటి గుడ్లను గడ్డిలోని సూక్ష్మమైన నల్లులు తింటాయి, ఆ నల్లులను గడ్డితోపాటు గాడిద మింగుతుంది. వీటితోపాటు ఒక రకం ఈగ గాడిద కాళ్ల వెంట్రుకలకు పసుపు రంగు గుడ్లు అంటిస్తుంది. గాడిద నాకినప్పుడు అవి నోట చేరి, పొట్ట గోడకు కరచుకొని నెలల పాటు ఉండిపోతాయి. ఇవి అసలు నట్టలు కాకపోయినా నట్టలతోనే కలిపి వైద్యం చేస్తారు. ఊపిరితిత్తులలో ఉండే పురుగు ఒకటున్నది. దానిని గాడిద ఏ బాధా కనబరచకుండా మోస్తుంది. అదే మేతలో తిరిగిన గుర్రానికి మాత్రం విడువని దగ్గు పట్టుకుంటుంది. గాడిద, గుర్రం కలిసి మేసే చోట ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ పురుగులు గాడిదను ఎలా చేరుతున్నాయో తెలిస్తే నివారణ సగం తెలిసినట్లే. స్ట్రాంగైల్ గుడ్లు లద్దెతో నేలను చేరుతాయి. వెచ్చదనం, తడి ఉంటే వారం పది రోజులలో అంటుకొనే దశకు ఎదుగుతాయి. మంచు తడి ఉన్న వేళ గడ్డిపోచల మీదికి పాకుతాయి. ఆ గడ్డిని తిన్న గాడిద కడుపులో మళ్లీ పెద్దవై గుడ్లు పెడతాయి. ఎండిన నేల, మండే ఎండ వీటికి శత్రువులు. వాన, నీడ, చెమ్మ మిత్రులు.

మన ప్రాంతానికి దీనిని అన్వయించుకోండి. కోలారు జిల్లాకు జూన్ నుండి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరులలో ఈశాన్యపు వానలు వస్తాయి. జనవరి నుండి మే వరకు సాధారణంగా నేల ఎండి ఉంటుంది. అప్పట్లో నట్టల పిల్లలు ఎక్కువ కాలం బ్రతకలేవు. అయితే ఆ నెలలలో పచ్చగడ్డి దొరికేది చెరువు గట్ల దగ్గర, కాలువల పక్కన. 2018 నుండి బెంగళూరులో శుద్ధిచేసిన నీటిని కోరమంగల, చల్లఘట్ట లోయ పథకం ద్వారా కోలారు జిల్లా చెరువులకు మళ్లిస్తున్నారు. వేసవిలోను అంచులు తడిగా ఉండే చెరువులు అందువల్ల పెరిగాయి. పశువులకు నీరు, మేత దొరకడం మేలే. కాని ఊరి గాడిదలన్నీ ఒకే తడి గట్టు మీద ఏడాది పొడుగునా మేస్తూ అక్కడే లద్దె వేస్తుంటే, వేసవిలో తెగిపోవలసిన నట్టల గొలుసు తెగకుండా ఉంటుంది. చోటు మార్చి మేపడం, తెల్లవారుజామున తడి ఆరకముందే తడి గడ్డిపైకి తోలకపోవడం ఖర్చు లేని ఉపాయాలు.

ఇక మందు విషయం. నేడు గాడిదలకు వాడే ముఖ్యమైన నట్టల మందులు మూడు నాలుగు తెగలకు చెందుతాయి. ఫెన్‌బెండజోల్ వంటివి ఒక తెగ. పైరాంటెల్ మరొకటి. ఐవర్‌మెక్టిన్, మోక్సిడెక్టిన్ ఇంకొకటి. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్. ఐవర్‌మెక్టిన్ కథ వినదగినది. జపాన్‌లోని ఇటో పట్టణం దగ్గర సేకరించిన మట్టిలోని సూక్ష్మజీవిని సతోషి ఒమురా వేరుచేశారు. అది తయారుచేసే పదార్థం పురుగులను చంపుతుందని అమెరికాలో విలియం క్యాంప్‌బెల్ బృందం కనుగొన్నది. 1981లో పశువుల మందుగా బజారుకు వచ్చిన ఐవర్‌మెక్టిన్, తరువాత ఆఫ్రికాలో మనుషుల చూపును హరించే నదీ అంధత్వ వ్యాధికి కూడా మందైంది. 2015లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ పురస్కారంలో సగభాగం దక్కింది. ఇంతటి మందును కూడా మనుషుల అజాగ్రత్త నిర్వీర్యం చేయగలదు.

అది ఎలాగో వినండి. ఒక గాడిద కడుపులో వేల పురుగులుంటాయి. వాటిలో ఏ కొన్నిటికో పుట్టుకతోనే మందును తట్టుకొనే శక్తి ఉంటుంది. మందు వేసినప్పుడు తక్కినవి చచ్చి ఇవి మిగులుతాయి. మోతాదు తక్కువైతే ఇంకా ఎక్కువ మిగులుతాయి. వాటి సంతానమే నేలను నింపుతుంది. మాటిమాటికి అదే మందు వేస్తే కొన్నేళ్లలో ఆ మందుకు చావని పురుగులే ఊరంతటా ఉంటాయి. చిన్న స్ట్రాంగైల్ పురుగులు ఫెన్‌బెండజోల్ తెగ మందులను తట్టుకొనడం ప్రపంచంలో చాలా దేశాలలో కనిపించింది. బ్రిటన్‌లోని గాడిదల ఆశ్రయ సంస్థ మందలలో మోక్సిడెక్టిన్ సైతం సరిగా పనిచేయడం లేదన్న అనుమానం 2005లోనే నమోదైంది. కొత్త తెగ మందులు త్వరలో వచ్చే సూచనలు లేవు. ఉన్నవాటిని పొదుపుగా వాడుకొనడమే మార్గం.

ఇక్కడ ఒక ప్రశ్న సహజం. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో జాతీయ నులిపురుగుల నివారణ దినమని బడిపిల్లలందరికీ పరీక్ష లేకుండానే ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు గదా, గాడిదలకు అలా ఎందుకు చేయరాదు? పిల్లల కార్యక్రమం వేరు. పిల్లవాడు మలంతో నిండిన నేల మీద గడ్డి మేయడు. మరుగుదొడ్డి, చెప్పులు, చేతులు కడుక్కొనడం అతనిని తిరిగి అంటుకొనకుండా కాపాడుతాయి. గాడిద మరునాటి నుండే తన లద్దె పడిన చోటే మేస్తుంది. పైగా ఒక మందలో అన్ని గాడిదలూ సమానంగా గుడ్లు విసర్జించవు. కొద్దిపాటి గాడిదలే చాలా ఎక్కువ గుడ్లు వేస్తాయి, తక్కినవి తక్కువ వేస్తాయి. ఎవరికి అవసరమో వారికే మందు వేస్తే ఖర్చు తగ్గుతుంది, మందు శక్తి నిలుస్తుంది. గాడిద నట్టలలో ముఖ్యమైనవి మనుషులకు అంటేవి కావు కనుక ఆ భయం వద్దు. మనిషి మాత్రను గాడిదకు, గాడిద మందును మనిషికి వాడే పని మాత్రం ఎన్నడూ చేయవద్దు.

పరీక్ష ఎలాగో చెబుతాను. అప్పుడే వేసిన లద్దెలో నేలకు తగలని భాగం నుండి నిమ్మకాయంత తీసి, చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, గాలి పోయేలా మూతి బిగించాలి. ఏ గాడిదదో, ఏ తేదీదో సంచి మీద వ్రాయాలి. ఎండలో ఉంచకుండా చల్లని చోట దాచి, అదే రోజు లేదా మరునాడు పశువైద్యశాలకు అందించాలి. ఆలస్యమైతే, వేడి తగిలితే గుడ్లు పొదిగిపోయి లెక్క తప్పుతుంది. సూక్ష్మదర్శిని కింద ఒక గ్రాము లద్దెలో ఎన్ని గుడ్లు ఉన్నాయో లెక్కిస్తారు. ఆ లెక్కను, పశువు వయసును, ఒంటి స్థితిని కలిపి చూసి మందు అవసరమా, ఏ మందు అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు.

తరువాతది బరువు. మందు మోతాదు కిలోకు ఇంత అని ఉంటుంది. ఉదాహరణకు ఫెన్‌బెండజోల్ సాధారణ మోతాదు కిలో బరువుకు 7.5 మిల్లీగ్రాములు. 120 కిలోల గాడిదకు 900 మిల్లీగ్రాములు కావాలి. దానిని 80 కిలోలని ఊహించి 600 మిల్లీగ్రాములు ఇస్తే కావలసిన దానిలో మూడింట రెండు వంతులే ఇచ్చినట్లు. తట్టుకొనే పురుగులను పెంచడానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. ఐవర్‌మెక్టిన్ మోతాదు కిలోకు 0.2 మిల్లీగ్రాములు మాత్రమే. గుర్రాల కోసం అమ్మే ఒక సిరంజి పేస్టు 600 కిలోల గుర్రానికి సరిపడేలా ఉంటుంది. దాని మీద బరువు గుర్తులు ఉంటాయి. వాటిని చూడకుండా మొత్తం ఒక గాడిద నోట పిండడం ప్రమాదం. మోక్సిడెక్టిన్ విషయంలో, ముఖ్యంగా చిన్న పిల్లలకు, బక్కచిక్కిన పశువులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ముందుకాళ్ల వెనుక ఛాతీ చుట్టుకొలతను, నేల నుండి భుజం ఎత్తును టేపుతో కొలిస్తే గాడిద బరువు లెక్కగట్టే పట్టికలు ఉన్నాయి. వైద్యుడి దగ్గరికి పోయేటప్పుడు ఈ రెండు కొలతలూ వ్రాసుకొని వెళ్లండి.

పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. ఏలికపాములతో పేగు నిండిపోయిన పిల్లకు, వాటిని ఒక్కసారిగా పక్షవాతంలా పడగొట్టే మందు వేస్తే, చచ్చిన పురుగుల ముద్ద పేగుకు అడ్డుపడి పిల్ల చనిపోవచ్చు. పొట్ట ఉబ్బి చిక్కిపోయిన పిల్లకు ఇంట్లో మందు వేయకుండా తప్పనిసరిగా వైద్యునికి చూపించాలి. చూడిగాడిద విషయంలోను ఇదే మాట.

ఆవులకు వాడే మందులన్నీ గాడిదకు పనికిరావు. ఆవుల కోసం తయారైన ఐవర్‌మెక్టిన్ సూదిని గుర్రాలకు వేసినప్పుడు సూది పడిన చోట తీవ్రమైన వాపులు, చీముపట్టడం జరిగినందున ఆ జాతికి నోటి పేస్టునే వాడడం ఆనవాయితీ అయింది. పిడుదుల కోసం ఆవుల మీద చల్లే అమిట్రాజ్ మందు గాడిద, గుర్రాలలో పేగుల కదలికను ఆపివేస్తుంది. దానిని ఎంతమాత్రం వాడరాదు. కోళ్ల దాణాలో, కొన్ని పశువుల దాణాలలో కలిపే మోనెన్సిన్ ఈ జాతికి గుండెను దెబ్బతీసే విషం. మిగిలిపోయిన కోళ్ల దాణాను గాడిదకు పెట్టవద్దు. కిరోసిన్, పొగాకు కషాయం వంటివి పోయడం నట్టలకు ముందు గాడిదనే చంపుతుంది.

మందు వేసిన పది పద్నాలుగు రోజులకు మళ్లీ లద్దె పరీక్ష చేయించండి. మొదటి లెక్కతో పోలిస్తే గుడ్లు నూటికి తొంభైకి పైగా తగ్గి ఉండాలి. తగ్గకపోతే మోతాదు తప్పిందో, ఆ మందు అక్కడి పురుగుల మీద పనిచేయడం లేదో వైద్యుడు తేల్చుకొని తెగ మారుస్తాడు. ఈ రెండవ పరీక్షను చాలామంది వదిలివేస్తారు. మందుకు పెట్టిన డబ్బు ఫలించిందో లేదో చెప్పేది ఇదొక్కటే.

ఇక పాల సంగతి. వేమన ఖరము పాలను తక్కువ చేసి చెప్పిన రోజులు పోయాయి. నేడు పట్టణాలలో గాడిద పాలు గరిటెల లెక్కన అమ్ముడవుతున్నాయి. పాలిచ్చే గాడిదకు మందు వేస్తే అందులో కొంత పాలలోకి దిగుతుంది. ఐవర్‌మెక్టిన్ వంటివి కొవ్వులో నిలిచి చాలా రోజుల పాటు దిగుతూనే ఉంటాయి. మనుషులు త్రాగే పాలనిచ్చే పశువుకు వాడరాదని గుర్రాల పేస్టుల సూచనలలో ఉంటుంది. పాలమ్మేవారు వైద్యునితో ముందే ఆ మాట చెప్పాలి. ఎన్ని రోజులు పాలు అమ్మరాదో అడిగి తెలుసుకొని, ఆ రోజులలో పాలను గాడిద పిల్లకే వదలాలి. కొనేవారికి కూడా ఒక మనవి. ఆరు నెలల లోపు శిశువుకు తల్లిపాలు తప్ప మరేదీ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాచని పాలు చెంచాడైనా పసికందుకు ప్రమాదమే. జలుబు, దగ్గు ఉన్న బిడ్డను వైద్యునికే చూపించండి.

నేల శుభ్రత గురించి చెప్పి ముగింపుకు వస్తాను. కట్టే చోట లద్దెను ప్రతిరోజూ ఎత్తివేయాలి. మేసే చోట కనీసం వారానికి రెండుసార్లు ఎత్తితే గుడ్లు అంటుకొనే దశకు ఎదిగే లోపే తొలగిపోతాయి. ఎత్తినదాన్ని గుట్టగా పోసి మూసి ఉంచితే లోపలి వేడికి నట్టల పిల్లలు చాలావరకు చస్తాయి, మంచి ఎరువు తయారవుతుంది. పచ్చి లద్దెను మేత పొలంలో చల్లవద్దు. గడ్డిని నేలమీద పరవకుండా తొట్టిలోనో గోనె మీదనో వేయండి. గాడిదలు మేసిన చోట తరువాత ఆవులను, గొర్రెలను మేపితే గాడిద నట్టల పిల్లలు వాటి కడుపులో చేరి నశిస్తాయి. ఇది వీధిలోని అందరికీ సంబంధించిన పని. నాలుగు ఇళ్ల గాడిదలు ఒకే బీడులో తిరిగితే ఒక్క ఇంటివారు ఎత్తితే చాలదు. నలుగురూ వంతులు వేసుకొనండి. ఎరువు గుంటకు చోటు కావాలంటే పంచాయతీనో పురపాలక సంఘాన్నో కలసి అడగండి.

చిక్కిన ప్రతి గాడిదకూ నట్టలే కారణమని అనుకొనరాదు. పళ్లు ఒకవైపు అరిగి మొనలు తేలితే మేత నమలలేదు. జోరీగల కాటుతో వ్యాపించే సర్రా వ్యాధి కూడా జ్వరం తెచ్చి, రక్తం తగ్గించి, చిక్కిపోయేలా చేస్తుంది. ముక్కు నుండి చిక్కని చీము కారుతూ చర్మం మీద గడ్డలు పగులుతుంటే అది గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకు సోకి ప్రాణం తీయగలది. అటువంటి పశువును వేరుగా కట్టి, చేతులతో తాకకుండా వెంటనే పశుసంవర్ధక శాఖకు తెలియజేయడం చట్టరీత్యా కూడా అవసరం.

ఒక్క రోజంతా మేత ముట్టని గాడిద అత్యవసరమైన కేసు. తిండి ఆగగానే దాని ఒంటిలోని కొవ్వు కరిగి రక్తాన్ని నింపి, కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు గాడిదలలో ఎక్కువ. బలిసినవి, చూడివి, పాలిచ్చేవి దీనికి తొందరగా లోనవుతాయి. రేపు చూద్దామని ఆగవద్దు.

నట్టలున్న గాడిద చేత బరువు మోయించడం గురించి చట్టం మాట కూడా తెలుసుకోవాలి. భారవాహక పశువుల పట్ల క్రూరత్వ నివారణ నియమాలు 1965లో వచ్చాయి. వాటి ప్రకారం గాడిద మీద వేయదగిన బరువు 50 కిలోలకు మించరాదు. రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదు. 37 డిగ్రీలకు పైబడిన ఎండలో మధ్యాహ్నం 12 నుండి 3 వరకు పని మాన్పించాలి. ఇది ఆరోగ్యంగా ఉన్న గాడిదకు పెట్టిన హద్దు. రక్తం తగ్గిన గాడిదకు కోలుకొనేదాకా అంతకంటే చాలా తక్కువ బరువు వేయాలి.

వైద్యం ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న మిగిలింది. పశుసంవర్ధక శాఖ వైద్యశాలలు ఆవుల కోసం మాత్రమే కాదు. గాడిదకూ అక్కడ హక్కు ఉన్నది. పశువును తీసుకుపోలేని స్థితిలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సహాయం కోరవచ్చు. కష్టమైన కేసులకు బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల ఉన్నది. కన్నడం సరిగా రాదన్న సంకోచంతో కొందరు వైద్యశాల మెట్లు ఎక్కరు. ఈ నాలుగు మాటలు చాలు. గాడిదను కన్నడంలో కత్తె అంటారు. లద్దెను లద్ది అంటారు. నట్టలను జంతుహుళు అంటారు. వైద్యశాల పశు ఆస్పత్రె. లద్ది పరీక్షె చేయించాలి అని చెబితే అక్కడివారు గ్రహిస్తారు.

వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వానలు వెలసిన తరువాత ఒకసారి లద్దె సంచి పట్టుకొని వైద్యశాలకు వెళ్లి వస్తే ఏడాదికి సరిపోయే జాగ్రత్త తీసుకున్నట్లే. మధ్యలో ఎప్పుడు అవసరమో వైద్యుడు చెబుతాడు. ఈ రోజు ఇంటికి వెళ్లిన తరువాత మీ గాడిద కనురెప్పను మెల్లగా తీసి లోపలి రంగు చూడండి, ఛాతీ చుట్టుకొలత తీసి గోడ మీద వ్రాసిపెట్టండి. సందేహాలున్నవారు ఇప్పుడు అడగవచ్చు.